ఊరి చరిత్ర, గుడి చరిత్ర పుస్తకం వేయాలంటే: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

కుంభాభిషేకానికో బ్రహ్మోత్సవాలకో మన రెండు జిల్లాల్లో ఏటా ఎక్కడో ఒకచోట ఒక స్థల చరిత్ర పుస్తకం అచ్చవుతూనే ఉంటుంది. చాలావాటి వరస ఒక్కటే. మూడో పేజీకి జనమేజయుడో జమదగ్నో వస్తాడు, పదో పేజీకి కృష్ణదేవరాయలు వస్తాడు, అక్కడినుంచి దాతల ఫొటోలు. ప్రాకారం గోడకు ఆనుకుని నిలబడ్డ శాసనం రాయి గురించి ఒక్క ముక్క ఉండదు. ఆ రాయి మీద సున్నం కొట్టి ఉంటుంది కూడా.

చరిత్ర పుస్తకం నిలబడాలంటే అందులోని ప్రతి వాక్యం "నువ్వెక్కడినుంచి వచ్చావు?" అని అడిగితే జవాబు చెప్పగలగాలి. శాసనం నుంచా, రికార్డు నుంచా, ఊళ్ళో పెద్దల నోటినుంచా? ఈ మూడింటినీ కలిపేస్తే పుస్తకం పనికిరాదు. విడివిడిగా పెడితే పురాణ కథకు కూడా మర్యాద దక్కుతుంది.

మొదటి పని: ఊరు ఎప్పుడు ఏ జిల్లాలో ఉండేది

ఇది విసుగు పనిలా ఉంటుంది గానీ, దీన్ని దాటేసినవాళ్ళు తర్వాత నెలల తరబడి తప్పు అలమరల్లో వెతుకుతారు. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా పుట్టింది. 1972లో టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. అంతకు ముందు ఒంగోలు, అద్దంకి, చీరాల వైపు గుంటూరు జిల్లా. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లా. మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లా. ఇంకా వెనక్కి పోతే, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా కూడా నెల్లూరులోదే. మార్కాపురం, కంభం ప్రాంతం 1858కి ముందు కడప కింద ఉండేది.

కాబట్టి ఒంగోలు పక్క ఊరి 1880 నాటి కాగితం నెల్లూరు జిల్లా రికార్డుల్లో, 1930 నాటిది గుంటూరు రికార్డుల్లో దొరుకుతుంది. 2022 విభజనలో కందుకూరు నెల్లూరుకూ, అద్దంకి, చీరాల బాపట్లకూ, గూడూరు, వెంకటగిరి, సూళ్ళూరుపేట తిరుపతికీ వెళ్ళాయి. ఆ తర్వాత ఏమైనా మారిందేమో అచ్చుకు ఇచ్చే ముందు ఒకసారి చూసుకోండి.

పాలకులు ఎప్పుడు మారారో కూడా రాసుకోండి. నెల్లూరు, ఒంగోలు 1801 దాకా ఆర్కాటు నవాబువి, ఆ ఏడే కంపెనీకి వచ్చాయి. మార్కాపురం వైపు 1800లో నిజాం ఇచ్చిన దత్త మండలాల్లోది. దర్శి, పొదిలి, వెంకటగిరి వైపు ఊళ్ళు చాలా వరకు వెంకటగిరి జమీ. జమీ ఊళ్ళకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా రైత్వారీ (సర్కారే రైతు దగ్గర నేరుగా శిస్తు తీసుకునే పద్ధతి) సెటిల్మెంటు రికార్డు ఉండదు. లేనిదాని కోసం కలెక్టరేట్ చుట్టూ తిరగడం ఎందుకు?

ఇదంతా ఒక అరపేజీ పట్టికగా రాసి గోడకు అంటించుకోండి.

రెండో పని: ఇప్పటికే అచ్చయినవి చూడటం

ఈ విషయంలో నెల్లూరు జిల్లా అదృష్టం చేసుకుంది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో మద్రాసులో మూడు భాగాలుగా అచ్చు వేసిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు ఉన్నాయి. ఒక జిల్లా శాసనాలను ఊరి వారీగా ఇలా సేకరించిన పని అప్పట్లో చాలా అరుదు. వరస తాలూకాల ప్రకారం ఉంటుంది: ఆత్మకూరు, దర్శి, గూడూరు, కందుకూరు, కనిగిరి ఇలా. అందుకే ముందు పాత తాలూకా పేరు తెలియాలి. ఒంగోలు తాలూకా శాసనాలు కూడా ఇందులోనే ఉన్నాయి. ప్రతి శాసనానికీ తాలూకా పేరు, దాని పక్కన ఒక సంఖ్య ఉంటాయి. మీ పుస్తకంలో అదే సంఖ్య ఇవ్వాలి, పేజీ సంఖ్య ఒక్కటే ఇస్తే చాలదు.

దాని తర్వాత బాస్వెల్ 1873లో కూర్చిన నెల్లూరు జిల్లా మాన్యువల్ చూడండి. మార్కాపురం, గిద్దలూరు వాళ్ళు దాని బదులు గ్రిబుల్ కడప మాన్యువల్ (1875), గోపాలకృష్ణమ చెట్టి కర్నూలు మాన్యువల్ (1886) చూడాలి. సీవెల్ 1882లో వేసిన పురావస్తు జాబితా మొదటి సంపుటిలో ఊరూరా ఉన్న గుళ్ళు, రాళ్ళు ఒకటి రెండు వాక్యాల్లో ఉంటాయి. అవి చిన్న వాక్యాలే గానీ, ఆనాడు గుడి పాడుబడి ఉందా, నిలబడి ఉందా అన్నది వాటివల్లే తెలుస్తుంది. త్రిపురాంతకం లాంటి చోట్ల కాకతీయ శాసనాలకు దక్షిణ భారత శాసనాల సంపుటాలు, ముఖ్యంగా తెలుగు శాసనాలున్న పదో సంపుటి చూడాలి. పురాతత్వ శాఖవారి వార్షిక శాసన నివేదికల్లో పూర్తి పాఠం ఉండదు. ఊరు, చోటు, రాజు, తేదీ, సారాంశం ఉంటాయి, ఆరంభానికి అది చాలు.

వీటిలో చాలా భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెలుగు లిపిలో వెతికితే రావు. ఇంగ్లీషు అక్షరాల్లో, అదీ నాలుగైదు రకాల స్పెల్లింగులతో వెతకాలి. పాత పత్రికలకు వేటపాలెం సారస్వత నికేతనం వెళ్ళండి. 1918లో పెట్టిన ఆ గ్రంథాలయంలో పాత పత్రికల సంచికలు జాగ్రత్తగా దాచారు. స్వాతంత్ర్యానికి ముందు నుంచీ నెల్లూరులో వెలువడిన జమీన్ రైతు పాత సంచికలు ఎవరింట్లోనైనా ఉన్నాయేమో వాకబు చేయండి.

మూడో పని: రాయి దగ్గర

అచ్చయిన పాఠం చేతిలో ఉన్నా రాయి దగ్గరికి వెళ్ళి తీరాలి. 1905లో కనబడిన అక్షరం ఇప్పుడు లేకపోవచ్చు. అప్పుడు మట్టిలో పూడిపోయిన అడుగు వరసలు ఇప్పుడు బయటపడి ఉండొచ్చు.

ముందు గుడి ఈవోకో ధర్మకర్తలకో చెప్పి అనుమతి తీసుకోండి. రక్షిత కట్టడమైతే రాయి మీద కాగితం పరిచి సిరాతో అచ్చు తీయడానికి పురాతత్వ శాఖ రాతపూర్వక అనుమతి కావాలి. అది అలవాటు లేనివాళ్ళు చేయకపోవడమే మంచిది. ఫొటోతోనే ముప్పాతిక వంతు పని అవుతుంది.

రాయిని మంచినీళ్ళతో, మెత్తని నైలాన్ బ్రష్షుతో కడగండి. ఇనుప బ్రష్షు, యాసిడ్, సర్ఫు వద్దు. అక్షరాల్లో సుద్ద, పసుపు, విబూది నింపడం మనవాళ్ళకు అలవాటు, అది మానండి. మీకు ఏ అక్షరంలా అనిపిస్తే ఆ గీతలోనే సుద్ద పోస్తారు. ఫొటోలో అదే అక్షరమైపోతుంది, తర్వాత చదివేవాడికి నిజం తెలుసుకునే దారి ఉండదు. సున్నం పొరలు ఉంటే తడిపి, వెదురు పుల్లతో ఓపికగా తీయాలి. ఎనామిల్ రంగు వేసేసి ఉంటే మాత్రం మీరు చేతులు పెట్టకండి. ఇసుక బ్లాస్టింగు చేయిస్తామని ఎవరైనా అంటే అడ్డుపడండి, ఎనిమిది వందల ఏళ్ళు నిలిచిన అక్షరం ఒక్క పూటలో పోతుంది.

పొద్దు గూకాక పని మొదలుపెట్టండి. కెమెరా లేదా ఫోను స్టాండు మీద, రాయికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. ఇంకొకరు టార్చి లైటును రాయికి ఇంచుమించు ఆనించి, పక్కనుంచి వేయాలి. కాంతి రాయి మీద పాకుతున్నట్టు ఉండాలి, ఎదురుగా పడకూడదు. అప్పుడు ప్రతి గీతలోనూ నీడ నిలుస్తుంది. ఎడమనుంచి ఒకటి, కుడినుంచి ఒకటి, పైనుంచి ఒకటి తీయాలి. ఎడమనుంచి కనబడని అడ్డగీత పైనుంచి వేస్తే కనబడుతుంది. ముందు మొత్తం రాయి, ఆ తర్వాత నాలుగైదు వరసల చొప్పున ముక్కలు, ఒక ముక్కలోని చివరి వరస తర్వాతి ముక్కలో కూడా వచ్చేలా తీయండి. ఫ్రేములో ఒక స్కేలు పెట్టండి. రాయి నాలుగు ముఖాలూ చూడండి, శాసనం వెనక వైపుకు సాగి ఉంటుంది. రాయి ఎక్కడ ఉంది, ఏ ముఖం ఏ దిక్కుకు ఉంది, ఎత్తు వెడల్పులెంత అన్నది అక్కడే రాసుకోండి.

పాఠం ఎత్తి రాసేటప్పుడు వరసలకు సంఖ్యలు వేయండి, రాతిలో ఉన్నది ఉన్నట్టే రాయండి. శకటరేఫ (ఱ), వలపలగిలక (ర్‌కు బదులు హల్లు పక్కన వేసే గుర్తు), సున్న తర్వాత జంటగా వచ్చే హల్లులు ఉంటాయి. వాటిని ఇప్పటి రాతకు దిద్దకండి. అనుమానంగా ఉన్న అక్షరాన్ని చదరపు బ్రాకెట్లో పెట్టండి, పోయిన అక్షరాల చోట చుక్కలు పెట్టండి. తోచినదాన్ని పూరించాలని చేయి పీకుతుంది. ఆ ఊహ రాయాల్సింది పాఠం కింద, పాఠంలో కాదు.

నాలుగో పని: తేదీ తేల్చడం

చాలా పుస్తకాలు ఇక్కడే కూలిపోతాయి. పద్ధతి కష్టమేం కాదు.

శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. పుష్యం చివర, మాఘ, ఫాల్గుణ మాసాలైతే 79 కలపాలి, ఎందుకంటే అప్పటికి ఇంగ్లీషు ఏడు మారిపోయి ఉంటుంది. తర్వాత ప్రభవాది సంవత్సరం పేరుతో సరిచూడాలి. మోటుపల్లిలో గణపతిదేవుడు సముద్ర వర్తకులకు ఇచ్చిన అభయ శాసనం తీసుకోండి. శక 1166, క్రోధి. 1166కు 78 కలిపితే 1244. ఇప్పుడు మనకు తెలిసిన క్రోధి ఏది? 2024 ఉగాదికి వచ్చింది. అక్కడినుంచి అరవై చొప్పున పదమూడుసార్లు వెనక్కి వెళితే 780 ఏళ్ళు, అంటే 1244. రెండూ కలిశాయి, తేదీ గట్టిది.

ఒక్క ఏడు తేడా వస్తే కంగారు పడక్కర్లేదు. శక సంవత్సరం గడిచినదా, నడుస్తున్నదా అన్న లెక్కలో అది వస్తుంది. అలాంటప్పుడు సంవత్సరం పేరునే నమ్మండి. అంతకు మించి తేడా వస్తే అంకె తప్పు చదివారని ముందు అనుమానించండి, అరిగిన రాతి మీద ౨కూ ౩కూ తేడా ఒక్క గీతే. అంకె సరిగానే ఉంటే శాసనం తర్వాతి కాలంలో తిరగరాసినదేమో ఆలోచించాలి.

అంకెలు పూర్తిగా చెరిగి పేరు ఒక్కటే మిగిలితే? రాజు పేరు ఉంటే చాలు. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలాడు. ఆ మధ్యలో క్రోధి ఒక్కసారే వస్తుంది. కాకపోతే ఆయన అరవై ఏళ్ళకు మించి ఏలాడు కాబట్టి, ఏలుబడి మొదటి రెండు మూడేళ్ళలో వచ్చిన పేర్లు చివర్లో మళ్ళీ వస్తాయి. అక్కడ మాత్రం బిరుదులు, సామంతుల పేర్లు చూసి తేల్చుకోవాలి.

శ్లోకంలో తేదీ మాటల్లో ఉంటే కుడినుంచి ఎడమకు చదవాలి. గగనం సున్నా, శశి లేదా ఇందు ఒకటి, నేత్రం రెండు, రామ లేదా అగ్ని మూడు, వేదం నాలుగు, బాణం అయిదు, ఋతువు లేదా రసం ఆరు, గిరి లేదా ముని ఏడు, వసువు లేదా గజం ఎనిమిది, నందం లేదా గ్రహం తొమ్మిది. "రస ఋతు శశి ఇందు" అని ఉంటే 6, 6, 1, 1, తిప్పితే 1166.

దర్గా కాగితాల్లో హిజ్రీ ఉంటుంది. 0.97తో గుణించి 622 కలిపితే ఇంచుమించు ఏడు తెలుస్తుంది: హిజ్రీ 1200 అంటే 1786 ప్రాంతం. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ ఉంటుంది. దానికి 590 కలపాలి, జూలై నుంచి జూన్ దాకా ఒక ఫసలీ. ఫసలీ 1313 అంటే 1903-04.

ఐదో పని: శాసనం ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు

దాన శాసనాలకు ఒక కట్టుబడి ఉంది. స్వస్తిశ్రీతో తేదీ, రాజు బిరుదులు, దాత, దానం, హద్దులు, చివర "స్వదత్తాం పరదత్తాం వా" అనే శాప శ్లోకం. శ్లోకాన్నీ బిరుదులనూ పేజీల కొద్దీ వర్ణించే వాళ్ళు దానం, హద్దుల దగ్గర మూడు ముక్కల్లో ముగిస్తారు. ఊరి చరిత్ర ఉన్నది అక్కడే. అఖండ దీపానికి యాభయ్యో యాభై అయిదో గొర్రెలిచ్చి, వాటిని కాసే బోయ రోజూ మానెడు నెయ్యి పోయాలని కాకతీయుల నాటి శాసనాల్లో కనిపిస్తుంది. ఆ బోయ పేరు కూడా ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట మీ ఊళ్ళో గొర్రెలు కాసిన మనిషి పేరు దొరకడమంటే మాటలు కాదు. హద్దుల్లో చెరువులు, వాగులు, పుట్టలు, పక్క ఊళ్ళ పేర్లు వస్తాయి. వాటిలో ఏవి ఇప్పటికీ ఉన్నాయో నడిచి చూసి పటం గీయండి.

తరచుగా జరిగే పొరపాట్లు కొన్ని. గుడికి దీపం ఇచ్చినవాడు గుడి కట్టించినవాడు కాడు. దీపం ఇచ్చేనాటికే అక్కడ గుడి ఉందని మాత్రమే ఆ శాసనం చెబుతుంది. రాయల పేరు శాసనంలో ఉంటే ఆయన ఊరికి వచ్చాడని కాదు, తేదీ చెప్పడానికి ఏలుతున్న రాజు పేరు వేశారంతే. 1514లో ఉదయగిరి కృష్ణదేవరాయల చేతికి వచ్చాక ఈ ప్రాంతపు శాసనాల్లో ఆ పేరు కనబడటం సహజం. నెల్లూరు ఏలిన తెలుగు చోడులు వేరు, తంజావూరు చోళులు వేరు. తిక్కన కొలువున్నది తెలుగు చోడుడైన మనుమసిద్ధి దగ్గర. "చోళ రాజులు కట్టించారు" అని రాసే ముందు ఏ చోడులో తేల్చుకోండి. ఇంకొకటి, రాళ్ళు కదులుతాయి. చెరువు కట్ట మీది శాసనం ఎవరో తెచ్చి గుడి ముందు నాటి ఉంటారు. శాసనంలో చెప్పిన దేవుడి పేరు గుళ్ళో దేవుడికి సరిపోకపోతే ఈ అనుమానం ముందు రావాలి.

కొలతలను ఇప్పటి లెక్కలోకి మార్చకండి. నెల్లూరులో నేడు పుట్టి అంటే 850 కిలోల ధాన్యం, అంకణం అంటే 36 చదరపు అడుగులు. శాసనంలోని పుట్టి, తూము, ఖండుగ, మర్తురు కాలాన్ని బట్టీ చోటును బట్టీ మారేవి, పైగా పుట్టెడు నేల అంటే పుట్టెడు విత్తనం చల్లే నేల కూడా కావచ్చు. "పుట్టెడు" అని ఉంటే పుట్టెడనే రాయండి.

ఆరో పని: కైఫీయత్తులు, ఇనాం రికార్డులు

కంపెనీ సర్వేయరు మెకంజీ దొర కింద కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులూ ఇతరులూ 1800 ప్రాంతంలో ఊరూరా కరణాల దండకవిలెల (ఊరి లెక్కల పుస్తకాల) నుంచి రాయించిన స్థానిక చరిత్రలే కైఫీయత్తులు. మూలాలు ప్రధానంగా చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి, కొన్ని జిల్లాలవి అచ్చయ్యాయి. వాటిని మూడు భాగాలుగా విడగొట్టి చదవండి. ఊరు పుట్టిన కథ ఐతిహ్యం. గజపతులు, రాయలు, నవాబుల వరస విన్నదీ రికార్డులో ఉన్నదీ కలిసినది. రాసేనాటి అమలుదార్లు, మాన్యాలు, శిస్తు మాత్రం దగ్గర చూపుతో రాసినవి. మూడో భాగాన్ని నమ్మినంతగా మొదటిదాన్ని నమ్మలేం.

గుడి మాన్యాలకు 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారు చేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్ బంగారం లాంటిది. ఎవరు ఇచ్చారు, ఏ ఏట, ఎంత నేల, అప్పటి అనుభవదారు ఎవరు అన్నది గడులవారీగా ఉంటుంది. అర్చకుడి మాన్యమే కాదు; మేళం, మంగలి, చాకలి, డప్పు, తోటమాలి మాన్యాలు కూడా. గుడి చుట్టూ ఏయే కులాల శ్రమ ఉండేదో చెప్పే కాగితం ఇంతకు మించి దొరకదు. కలెక్టరేట్ రికార్డు రూములోనో రాష్ట్ర పురాలేఖ భాండాగారంలోనో నకలు అడిగేటప్పుడు పాత తాలూకా, ఊరు, తెలిస్తే టైటిల్ డీడ్ నంబరు ఇవ్వండి. దేవాదాయ శాఖలో 1987 చట్టం 43వ సెక్షన్ రిజిస్టరు చూడండి, దర్గాలకూ మసీదులకూ వక్ఫ్ గెజిట్ జాబితా చూడండి. పాత సర్వే నంబరు, ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్మెంటు రిజిస్టరు)లోని నంబరు, ఇప్పటి రీసర్వేలో ఒక్కో భూమి ముక్కకు వచ్చిన ఎల్‌పీఎం నంబరు మూడూ పక్కపక్కన రాసుకోకపోతే ఒకే చేను మూడు చేలవుతుంది. 1880లకు ముందరి కాగితాలు గొలుసుకట్టు రాతలో ఉంటాయి, చదవడానికి పాత కరణాల ఇళ్ళలో పెద్దవాళ్ళ సాయం అడగండి.

గుడి కాగితాలతోనే ఊరు పూర్తి కాదు. మాలపల్లె, మాదిగపల్లె చరిత్రకు మిషన్ రికార్డులు చూడాలి. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో మొదలైంది. ఆ మిషన్ వాడైన క్లౌ దొర 1866 నుంచి ఒంగోలులో పనిచేశాడు. కరువు చివర, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ కుటుంబాల ఊళ్ళలో మీ ఊరుందేమో పాత సంఘ రిజిస్టర్లలో చూడండి. యానాదుల గురించి రికార్డు దొరక్కపోతే, దొరకలేదన్న మాటైనా పుస్తకంలో ఉండాలి.

ఏడో పని: పెద్దల మాట

"ఈ గుడి ఎప్పటిది?" అని అడిగితే "త్రేతాయుగం నాటిది" అంటారు, అది వాళ్ళ తప్పు కాదు, ప్రశ్నది. "మీ చిన్నప్పుడు రథం ఏ వీధినుంచి తిరిగేది? ఏ ఏడు ఆగింది? మళ్ళీ ఎవరు నడిపించారు?" అని అడగండి. ఏడు గుర్తులేకపోతే 1977 ఉప్పెనకు ముందా వెనకా, 1984లో కరణాల ఉద్యోగాలు పోయిన ఏటికి ముందా వెనకా, 1990 తుఫానుకు ముందా వెనకా అని కుదించండి. ఒకే సంగతిని వేరువేరు వీధుల్లో కనీసం ముగ్గురి దగ్గర వినండి. రికార్డు చేసే ముందు అడగండి, పేరు అచ్చు వేయవచ్చా అని విడిగా అడగండి. స్థల పురాణానికి రెండు మూడు రూపాలుంటే అన్నీ ఇవ్వండి, ఎవరు చెప్పినవో చెప్పండి. దాన్ని విడి అధ్యాయంలో పెట్టి "అంటారు", "చెబుతారు" అనే క్రియలతోనే నడపండి. శాసనాల అధ్యాయంలోకి అది జారకూడదు.

ఎనిమిదో పని: రాత, అచ్చు

శాసనాల పాఠాలన్నీ అనుబంధంలో, వరస సంఖ్యలతో పెట్టండి. అసలు అధ్యాయాల్లో వాటి సారమే రావాలి. ప్రతి పేజీ అడుగున ఆధారం ఉండాలి. మనుషుల పేర్లకూ ఊళ్ళ పేర్లకూ సూచిక వేయండి, ఊరివాళ్ళు పుస్తకం తెరవగానే చూసేది అదే. దాతల ఫొటోలు చివర, ఒకే చోట. దాత తాతగారు "ఊరికి మూలపురుషుడు" అని రాయమని ఒత్తిడి వస్తుంది. ఆధారం చూపిస్తే రాస్తామని ముందే అందరికీ ఒకే మాట చెప్పి ఉంచండి, డబ్బు తీసుకున్నాక చెబితే గొడవవుతుంది.

డెమ్మీ సైజులో ఒక ఫారానికి (ఒకేసారి అచ్చయ్యే పెద్ద కాగితానికి) 16 పేజీలు. 160 పేజీలైతే పది ఫారాలు, 163 అయితే పదకొండో ఫారం ఖర్చు, ఖాళీ పేజీలు. లోపలికి 70 లేదా 80 జీఎస్ఎం మాప్లితో రకం కాగితం చాలు. శాసనాల ఫొటోలు మాత్రం విడిగా ఆర్టు పేపరు మీద వేయండి, మామూలు కాగితం మీద నీడలు మసకబారి అక్షరం పోతుంది. అయిదు అంగుళాల వెడల్పు ఫొటోకు కనీసం 1500 పిక్సెళ్ళు కావాలి. వాట్సాప్‌లో పంపితే ఫొటో నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

డీటీపీ యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేసే చోట, యూనికోడ్ నుంచి మార్చాక ఱ, అరసున్న, తెలుగు అంకెలు, వట్రసుడి ఉన్న ప్రతి చోటా మూలంతో పోల్చి చూడాలి. శాసన పాఠాల ప్రూఫు ఒక్కరు చూస్తే సరిపోదు. ఒకరు ఫొటో చూసి అక్షరం అక్షరం పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫులో టిక్కు పెట్టాలి. తేదీలూ సర్వే నంబర్లూ కూడా అలాగే.

ఐఎస్‌బీఎన్ కేంద్ర ప్రభుత్వ సంస్థ ద్వారా ఉచితంగా వస్తుంది, కవరు ఖరారయ్యే ముందే దరఖాస్తు పెట్టండి. 1954 చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబై, ఢిల్లీలలోని మరో మూడు గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి పంపాలి. జిల్లా కేంద్ర గ్రంథాలయానికీ, వేటపాలేనికీ, మీ ఊరి హైస్కూలుకూ తలా ఒకటి ఇవ్వండి. అచ్చయిన ఏడాదిలోపు తప్పులు పట్టి ఉత్తరాలు రాసేవాళ్ళు ఉంటారు. అవన్నీ ఒక ఫైల్లో పెట్టి, మిగిలిన ప్రతుల్లో ఒక పేజీ తప్పొప్పుల పట్టిక అంటించి అమ్మండి.